మా మండలంలో నాలుగు సర్కారు హైస్కూళ్లు: ఫ్లెక్సీ మీద పర్సెంటేజీ పక్కన పెట్టి చూస్తే

ముందే చెప్తున్నా, ఇది గేటు దగ్గర ఫ్లెక్సీ చూసి రాసిన రివ్యూ కాదు. ఆదోని వైపు ఒక మండల కేంద్రంలో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్సులు, హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, రిజల్టు ప్రింట్లు అన్నీ మా దగ్గరే, కాబట్టి మండలంలో ఉన్న నాలుగు సర్కారు హైస్కూళ్ల పిల్లోళ్లూ వస్తారు, వాళ్ల అమ్మానాన్నలూ వస్తారు, సార్లూ మేడంలూ కూడా వస్తారు. దానికి తోడు మా పాప ఈ ఏడు ఐదు అయిపోయింది, ఆరులో ఎక్కడ వేయాలా అని నాలుగింటికీ పోయి చూసొచ్చా. ఊర్ల పేర్లు మాత్రం రాయను, ఆ సార్లంతా రేపు మళ్లీ నా షాపుకే రావాలి.

మొదట ఈ పర్సెంటేజీ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఎవరిని అడిగినా "ఆ స్కూల్లో ఎంత శాతం వచ్చింది" అనే మొదలుపెడతారు. మన ఏపీలో టెన్త్ పాస్ పర్సెంటేజీ 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఇప్పుడు చెప్పండి, రెండేళ్లలో దాదాపు ఇరవై శాతం పెరిగి మళ్లీ ఐదు తగ్గిందంటే ఆ రెండేళ్లలో సార్లంతా ఒక్కసారిగా మారిపోయారా ఏంది? 2020లో, 2021లో కరోనా అని పరీక్షే పెట్టలేదు, అందరూ పాస్. 2022లో రాసినోళ్లు ఎనిమిదో క్లాసు చివర నుంచీ సరిగ్గా బడి మొహం చూడని పిల్లోళ్లు, వాళ్లకే పేపర్లు పదకొండు నుంచి ఏడుకి తగ్గించారు, ఫలితం మీకు తెలిసిందే. కాబట్టి ఒక స్కూలు ఒక ఏడు తెచ్చుకున్న అంకె ఒక్కటే పట్టుకుని పిల్లను వేయడం అంటే మబ్బు చూసి విత్తనం వేసినట్టే.

ఇంకోటి చిన్న లెక్క. ఇరవై మంది రాసే బడిలో ఒక్కడు ఫెయిలైతే 95 శాతం, వంద మంది రాసే బడిలో ఒక్కడు ఫెయిలైతే 99. చిన్న బడిలో ఒక పిల్లోడికి పరీక్ష రోజు జ్వరం వస్తే ఐదు శాతం పోతుంది. 2025లో రాష్ట్రం మొత్తం మీద 1680 స్కూళ్లు వంద శాతం తెచ్చుకున్నాయి, 19 స్కూళ్లలో ఒక్కరూ పాస్ కాలేదు అని పేపర్లో వేశారు. ఆ 1680లో ఎంతమంది రాస్తే వంద శాతం వచ్చిందో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా వేయరు.

మా జిల్లా గురించి బయటోళ్లకి కూడా కొంచెం చెప్పాల. 2024లో 26 జిల్లాల్లో కర్నూలు ఆఖరు, 62.47. ఫస్ట్ వచ్చింది పార్వతీపురం మన్యం, 96.37. ఆ రోజు టీవీలో చూసి మా షాపులో ఒకాయన "మన పిల్లోళ్లకి బుర్ర లేదప్పా" అన్నాడు. బుర్ర లేక కాదు, సుగ్గి ఉంది. మా పడమటి మండలాల్లో వాన సరిగా పడక పంట పోతే దసరా, దీపావళి అయినాక ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోతారు, దాన్నే సుగ్గికి పోవడం అంటాం. పెద్దోళ్లు పోతే పిల్లోళ్లను ఎవరు చూసుకుంటారు, వాళ్లనీ ట్రాక్టరో లారీయో ఎక్కిస్తారు. ఎనిమిది తొమ్మిది చదివే పిల్లోడైతే వాడికీ కూలి వస్తుంది. టెన్త్ పరీక్షలేమో మార్చిలో. 2025లో మార్చి 17కి మొదలై ఏప్రిల్ 1కి అయిపోయాయి, ఉగాది మార్చి 30న. పండక్కి ఊరికి వచ్చేసరికి పరీక్షలు దాదాపు అయిపోయినట్టే గదా.

ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

మండల కేంద్రంలో ఉన్న జెడ్పీ హైస్కూలు అన్నిటికంటే పెద్దది. ఎంత పెద్దదంటే మధ్యాహ్నం బెల్లు కొడితే మా షాపు దాకా వినపడే గోల. ప్లస్ ఏందంటే అన్ని సబ్జెక్టులకీ స్కూల్ అసిస్టెంట్లు, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్లు, ఉన్నారు, మ్యాథ్స్‌కి ఒకరికంటే ఎక్కువ మంది ఉన్నారు కాబట్టి ఒక సారు లీవు పెట్టినా పీరియడ్ ఖాళీ పోదు, పీఈటీ సారు నిజంగానే గ్రౌండులో కనపడతాడు. సెక్షన్లు మాత్రం కిక్కిరిసి ఉంటాయి, వెనక బెంచీలో కూచున్న పిల్లోడు నోట్స్ రాశాడా లేదా అనేది వాడి దయ. సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు స్కీము మొదటి విడతలో ఫ్యాన్లు, గ్రీన్ బోర్డులు, బాత్రూములు బాగానే వచ్చాయి, రెండో విడత అదనపు గదులు మాత్రం పిల్లర్ల దగ్గరే ఆగిపోయి ఇనప కడ్డీలు తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి, చిన్న పిల్లోళ్లు వాటి చుట్టూ ఆడుకుంటారు, అదొక్కటి చూస్తే నాకు భయం. బాత్రూములు కట్టినప్పుడు ఎంత బాగున్నాయో ఇప్పుడు అంత లేవు, కడిగే ఆయమ్మ వచ్చిన రోజు ఒక రకం రాని రోజు ఒక రకం. ఆడపిల్లను వేసేవాళ్లు ఆఫీసు రూములో కూచుని మాట్లాడి రాకుండా ఒకసారి బాత్రూము వైపు నడిచి చూడండి, నేను అదే చేశా.

ఇది సీబీఎస్ఈకి మార్చిన వెయ్యి స్కూళ్ల లిస్టులో కూడా ఉండె. బోర్డు మార్చారు, మేమంతా పిల్లోళ్లు సీబీఎస్ఈ అని గొప్పగా చెప్పుకున్నాం, తర్వాత 2024లో కొత్త గవర్నమెంటు వచ్చి టెన్త్ స్టేట్ బోర్డులోనే రాయాల అని చెప్పింది. తప్పెవరిదో నాకొద్దు గాని మధ్యలో ఆ బ్యాచి పిల్లోళ్లు రెండు రకాల మోడల్ పేపర్లు జిరాక్సు తీసుకున్నారు, నాకు బేరం, వాళ్లకి తలనొప్పి.

కానీ ఈ స్కూలుకి నేను ఎక్కువ మార్కులు వేసేది వేరే దానికి. ఎనిమిదో క్లాసులో ఎన్ఎంఎంఎస్ అని ఒక పరీక్ష ఉంటుంది, చాలా మంది తల్లిదండ్రులకి పేరు కూడా తెలీదు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండి ఆ పరీక్షలో సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఏడాదికి 12,000 పిల్లోడి అకౌంట్లో పడతాయి, అంటే నాలుగేళ్లకి 48,000. రీజనింగ్ 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు. దీనికి సిలబస్‌లో పీరియడ్ ఉండదు, జీతంలో పైసా పెరగదు, చెప్తే చెప్పినట్టు లేకపోతే లేదు. ఈ స్కూల్లో ఒక మ్యాథ్స్ మేడం సాయంత్రం బెల్లు అయినాక పిల్లోళ్లని కూచోబెట్టి పాత పేపర్లు చేయిస్తుంది, జిరాక్సు డబ్బులు కూడా తన జేబులోంచే ఇస్తుంది, నేను సగం తీసుకుంటానన్నా ఒప్పుకోదు. అప్లికేషన్ల సీజన్ వస్తే ఈ బడి నుంచి పిల్లోళ్లు ఇన్‌కమ్ సర్టిఫికెట్లు పట్టుకుని లైన్లో ఉంటారు, వేరే బడి నుంచి ఒకరో ఇద్దరో వస్తారు, అది కూడా వాళ్ల నాయన ఎక్కడో విని పంపిస్తే. ఒక స్కూల్లో చదువు ఎట్ల ఉందో తెలుసుకోవాలంటే టెన్త్ రిజల్టు కంటే ఇది మంచి థర్మామీటర్ అని నా అభిప్రాయం, ఎందుకంటే టెన్త్‌కి పైనుంచి వంద రోజుల ప్లాన్, రోజూ స్లిప్ టెస్టు, డీఈఓ ఆఫీసు నుంచి ఫోన్లు ఉంటాయి, ఎనిమిదో క్లాసుని మాత్రం ఎవరూ అడగరు.

ఇక మోడల్ స్కూలు. చుట్టుపక్కల మండలాల వాళ్లు కూడా ఎగబడేది దీనికే. ఊరి బయట పెద్ద బిల్డింగు, ల్యాబులు, ఇంగ్లీష్ మీడియం, ఇంటర్ దాకా అక్కడే. చదువు వెనకబడిన మండలాలకి అని సెంట్రల్ స్కీము కింద వచ్చినవి ఇవి. రిజల్టు ఎప్పుడూ బాగుంటుంది, నేను కాదనను, ఐదొందలు దాటిన మెమోలు ఎక్కువ ప్రింట్ తీసేది ఈ స్కూలువే. కానీ ఆరో క్లాసులో ఎంట్రన్స్ పెట్టి తీసుకుంటారు అన్న సంగతి మర్చిపోకూడదు. ఐదో క్లాసులో బాగా చదివే పిల్లోళ్లంతా అక్కడికి పోతారు, మిగిలినోళ్లు జెడ్పీ స్కూలుకి వస్తారు, ఐదేళ్ల తర్వాత రెండు స్కూళ్ల పర్సెంటేజీ పక్కపక్కన పెట్టి "చూడండి, మోడల్ స్కూలు ఎంత బాగా చెప్తుందో" అంటారు. మీరే వడ్లు జల్లెడ పట్టి ఇచ్చినాక అన్నం బాగుంది అని మెచ్చుకోవాల్సింది వంటమనిషినా జల్లెడనా అప్పా?

చెప్పే వాళ్లు మంచోళ్లే, ల్యాబులో సార్లు నిజంగా ప్రయోగాలు చేయిస్తారు, అది నేను కళ్లతో చూశా. ఇబ్బంది దారి. బస్సు టైముకి రాదు, ఆటోలో పిల్లోళ్లని కుక్కి తీసుకుపోతారు, ఆ ఆటో ఖర్చు నెలకి లెక్కేసుకుంటే సర్కారు బడి ఫ్రీ అనే మాట సగం అబద్ధం అవుతుంది. ఇంట్లో ఇంగ్లీష్ ముక్క రాని పిల్లోళ్లు ఆరు ఏడు తరగతుల్లో బట్టీ కొట్టడం నేర్చుకుంటారు, మాకు ఇటువైపు సగం ఇళ్లలో కన్నడం కూడా నడుస్తుంది, ఇంట్లో ఒక భాష, బజార్లో ఒకటి, బళ్లో ఇంకోటి. తట్టుకునే పిల్లోళ్లు మాత్రం తొమ్మిదికొచ్చేసరికి బ్రహ్మాండంగా లేస్తారు.

కేజీబీవీ, అదే కస్తూర్బా బడి, దీని గురించి రాయాలంటే కొంచెం మెల్లగా రాయాల, ఎందుకంటే దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఆడపిల్లలకి హాస్టలుతో కలిపి ఉన్న బడి. ఎంట్రన్స్ లేదు. అమ్మానాన్న లేనోళ్లకి, ఒక్కరే ఉన్నోళ్లకి, మధ్యలో బడి మానేసినోళ్లకి, బీదోళ్లకి ముందు సీటు ఇస్తారు. అంటే మోడల్ స్కూలు జల్లెడకి ఉల్టా. అయినా టెన్త్ రిజల్టులో జెడ్పీ స్కూళ్లకంటే మెరుగ్గానే ఉంటారు. ఎట్లా అంటే, సుగ్గి అనేది ఆ గేటు దాటి లోపలికి రాదు. అమ్మానాన్న గుంటూరు పోయినా పిల్ల బడిలోనే ఉంటుంది, పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. అక్కడ చెప్పే టీచర్లు చాలా మంది కాంట్రాక్టు వాళ్లు, రెగ్యులర్ స్కూల్ అసిస్టెంట్ జీతంలో సగం కూడా రాదు, రాత్రి డ్యూటీలు కూడా వాళ్లే చేయాల. మా పిన్ని కూతురు అక్కడే చదివింది, బాగా చదివింది కూడా. మైనస్‌లు ఏందంటే ఎండాకాలం నీళ్లు, ట్యాంకరు వచ్చిందా లేదా అని చూసుకుంటూ బతకాల, కూర ఒక్కో రోజు నీళ్లలా ఉంటుంది, పిల్ల బెంగపడితే వెంటనే తీసుకురాలేం. ఇంకో సంగతి అక్కడ ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా: రెసిడెన్షియల్ స్కూళ్ల పిల్లలకి ఎన్ఎంఎంఎస్ లేదు. ట్రిపుల్ ఐటీ సీట్లలో, అదే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ఉన్నాయి గదా, వాటిలో సర్కారు బడి పిల్లోళ్లకి కలిపే 4 శాతం డెప్రివేషన్ స్కోరు కూడా నాన్ రెసిడెన్షియల్ బడిలో చదివినోళ్లకే. టాప్ మార్కులు తెచ్చుకునే పిల్ల అయితే ఈ 4 శాతం చిన్న విషయం కాదు, అక్కడ ఒకటి రెండు మార్కుల దగ్గర సీటు పోయి షాపులో ఏడ్చినోళ్లని చూశా.

నాలుగోది, చివర్లో రాస్తున్నా గాని నాకు ఎక్కువ చెప్పాలనిపించేది దీని గురించే. మండల కేంద్రానికి దూరంగా, గుంతల రోడ్డు మీద పోతే వచ్చే పల్లెటూరి జెడ్పీ హైస్కూలు. పర్సెంటేజీ చూస్తే మండలంలో ఎప్పుడూ అడుగునే. ఫిజిక్స్ పోస్టు చాలా కాలం ఖాళీ, బయాలజీ మేడమే రెండూ చెప్పేది. ఏపీలో ఫిజికల్ సైన్స్ 50, బయాలజీ 50, రెండూ కలిపి 35 వస్తే పాస్, కాబట్టి పిల్లోళ్లు బయాలజీ మీదే బతికి బయటపడేవాళ్లు, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలంటే భయం. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు తీశారు గదా, దాంట్లో ఒక కుర్ర సారు ఇక్కడికి వచ్చాడు. వచ్చిన కొత్తలో బస్సు దొరక్క చెమటలు కక్కుతూ నడిచి పోయేవాడు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు.

ఈ బడి పర్సెంటేజీ ఎందుకు తక్కువో నాకు షాపులో అర్థమైంది. టెన్త్ పరీక్ష ఫీజు 125 కట్టి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లోళ్ల లిస్టు, పంపించే టైములో ఏ హెడ్మాస్టరుకైనా ఒక ఛాయిస్ ఉంటుంది. సుగ్గికి పోయి అటెండెన్స్ లేని పిల్లోడిని వదిలేస్తే వాడు లెక్కలోకే రాడు, పర్సెంటేజీ పడిపోదు, పైనుంచి ఎవరూ సంజాయిషీ మెమో ఇవ్వరు. వాడి పేరు కూడా పంపిస్తే, వాడు రాకపోయినా వచ్చి ఫెయిలైనా ఆ మచ్చ బడికే. ఈ పల్లెటూరి బడి హెడ్మాస్టరు అందరి పేర్లూ పంపిస్తాడు. పంపించి ఊరుకోడు, గుంటూరులో మిరప చేలో ఉన్న నాయనకి ఫోన్ చేసి "పిల్లోడిని మీ అవ్వ దగ్గరికి పంపు, ఫీజు నేను కట్టినా, అన్నం బళ్లో పెడతాం" అని బతిమాలుతాడు. సుగ్గికి పోయినోళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ ఉన్న ఏడు అక్కడ పడుకోబెడతారు, లేని ఏడు ఊర్లో ఎవరింట్లోనో. అట్ల జనవరిలో వెనక్కి వచ్చిన పిల్లోళ్లకి మార్చిలోపు ఏం చెప్పగలరు? లెక్కల్లో సులువుగా మార్కులొచ్చే చాప్టర్లు, సోషల్‌లో మ్యాపు, ఇంగ్లీష్‌లో లెటరు, హిందీకి ఎట్లాగూ 20 వస్తే చాలు. కొందరు గట్టెక్కుతారు, కొందరు పోతారు. పోయినోళ్లని మే నెలలో సప్లిమెంటరీకి మళ్లీ కూచోబెడతారు. సప్లిమెంటరీ పాసులు ఏప్రిల్ ఫ్లెక్సీలో ఉండవు.

ఇదే మండలంలో ఇంకో వైపు, బాగా పేరున్న ఒక ప్రైవేటు బడి ఉంది, తొమ్మిదిలో వీక్‌గా ఉన్న పిల్లోళ్లని "మీ వాడికి ఓపెన్ టెన్త్ అయితే ఈజీ" అని మెల్లగా బయటికి పంపిస్తారు, తర్వాత వంద శాతం అని టపాసులు కాలుస్తారు. అందుకే నేను చెప్పేది ఏందంటే ఏ బడికి పోయినా అడగాల్సిన ప్రశ్న ఒకటే, పోయినేడు తొమ్మిదో క్లాసులో ఎంతమంది ఉండిరి, ఈ ఏడు పరీక్ష రాసింది ఎంతమంది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువుంటే ఆ పర్సెంటేజీని పక్కన పెట్టేయండి. హెడ్మాస్టరు చెప్పకపోతే బళ్ల లెక్కలన్నీ ఉండే సర్కారు సైట్ యుడైస్ ప్లస్‌లో ఆ బడి పేరు కొట్టండి, క్లాసుల వారీగా పిల్లోళ్లు ఎంతమంది, టీచర్లు ఎంతమంది, బాత్రూములు ఎన్ని అన్నీ వస్తాయి. రికార్డులో టీచరు ఉండి డెప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నాడా అనేది మాత్రం సైట్‌లో కనపడదు, అది పిల్లోళ్లని అడగాల, వాళ్లు టకటకా చెప్పేస్తారు.

మధ్యాహ్నం భోజనం గురించి అడుగుతున్నారు కొందరు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, అన్నం ముందుకంటే ఎంతో మేలు, పారేసేది తగ్గింది. గుడ్డు, రాగిజావ, చిక్కీ మా మండలంలో ఎక్కడైనా ఒకటే మెనూ, తేడా వండే అక్కల చేతిలో ఉంది. పల్లెటూరి బడిలో సాంబారు పెద్ద బడికంటే బాగుంది, తక్కువ మందికి వండుతారు కాబట్టేమో.

మరి నేను ఏం చేశానంటే, మా పాపను మండల కేంద్రం జెడ్పీ స్కూల్లో వేశా. కారణం ఆ మ్యాథ్స్ మేడం, ఇంకా ఇంటికి దగ్గర, 4 శాతం సంగతి కూడా మనసులో ఉంది. మోడల్ స్కూలు ఎంట్రన్స్ రాయించలేదా అని మా బావమరిది పోట్లాడాడు, వాడి కొడుకు అక్కడే చదువుతున్నాడు, బాగానే చదువుతున్నాడు, వాళ్లకి ఆటో స్టాండు ఇంటి ముందే. మీ పాప సొంతంగా కూచుని చదివే రకమైతే, దారి ఇబ్బంది లేకపోతే మోడల్ స్కూలుకి కళ్లు మూసుకుని రాయించండి. మీరు సుగ్గికి పోయేవాళ్లైతే ఆడపిల్లకి కేజీబీవీ తప్ప వేరే ఆలోచన వద్దు, మగపిల్లోడికైతే గురుకులం ఎంట్రన్స్ రాయించండి, రాకపోతే ఆ పల్లెటూరి హెడ్మాస్టరు ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. స్టార్లు వేయమంటే పెద్ద జెడ్పీకి నాలుగు, కేజీబీవీకి నాలుగు, మోడల్ స్కూలుకి మూడున్నర. పల్లెటూరి బడికి బిల్డింగూ రోడ్డూ చూస్తే రెండు, ఆ స్టాఫుని చూస్తే ఐదు, మీకు ఏది ముఖ్యమో మీరే తీసుకోండి.

అప్లికేషన్ల సంగతి ఒకటి చెప్పి ఆపేస్తా. మోడల్ స్కూలు ఎంట్రన్స్ అప్లికేషన్లు ఫిబ్రవరి చివర, మార్చిలో తీసుకుంటారు, పరీక్ష ఏప్రిల్‌లో, కేజీబీవీ కూడా కొంచెం అటూ ఇటూగా అప్పుడే. ఆఖరి రోజు సాయంత్రం సర్వర్ పడుకుంటుంది, ప్రతి ఏడూ ఇదే కథ. అంతకంటే ముందు పిల్ల ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ, స్కూలు రికార్డులో ఉన్నదీ ఒకటేనా అని జనవరిలోనే చూసుకోండి, ఆధార్‌లో మార్చాలంటే వారాలు పడుతుంది, ఆఖరి రోజు నా కౌంటర్ ముందు నిలబడి "ఏదో ఒకటి చెయ్ అన్నా" అంటే నేను చేసేది ఏమీ ఉండదు.